సూడి బర్రె

నా చేయి మంచిదని భూపాలపల్లి చుట్టుపక్కల ఊళ్లలో పేరుండేది. ఎనభైలలో అక్కడ పనిచేసినప్పుడు, నేను సూది వేస్తే బర్రె చూలు కట్టి తీరుతుందని రైతులు ఎంతెంత దూరం నుంచో నడిపించుకొచ్చేవాళ్లు. పశువులకు కృత్రిమ గర్భధారణ చేయడాన్ని మావైపు సూది వేయడమనే అంటారు. నిజానికి అందులో సూది ఉండదు. సన్నని గొట్టం, దాని వెనక సిరంజి, అంతే. ఆ పేరు రాకముందు ఈ చేయి ఏం చేసిందో ఆ రైతుల్లో ఒక్కరికీ తెలియదు. మా ఇంట్లోవాళ్లకూ తెలియదు. చెబితే తేలికపడతానన్న ఆశ నాకేం లేదు. అయినా చెబుతున్నాను.

పని నేర్చుకున్నది మహబూబాబాద్‌లో, డెబ్బైల మొదట్లో. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీ మూతపడి నా చదువు ఒక ఏడాది వెనకబడింది. ఆ ఏడాదంతా జనగామ వీధుల్లో గొంతు పోయేలా నినాదాలిచ్చాను. మన ఉద్యోగాలు మనకే కావాలన్నందుకు వీపు మీద లాఠీ దెబ్బ కూడా తిన్నాను. అంత అరిచినవాడికి చివరికి దొరికింది పశువుల దవాఖానాలో కాంపౌండర్ శిక్షణ. నాయిన మాత్రం సంతోషపడ్డాడు. "బర్ల ముడ్డి సూసేదైనా సర్కారు నౌకరే బిడ్డా, పో" అన్నాడు.

మొదటి వారం కసాయి దుకాణం నుంచి బకెట్లో గర్భసంచులు తెప్పించి బల్ల మీద పరిచేవాళ్లు. కళ్లు మూసుకుని తడిమి ఏది ఏమిటో చెప్పాలి. గర్భసంచి మూతి చేతికి కోడి మెడలా గట్టిగా తగులుతుంది. దాన్ని ఒడిసి పట్టడంలోనే పనంతా ఉంది. రెండో వారం బతికున్న పశువు. ఒట్టిపోయిన ముసలి ఆవు ఒకటి ఉండేది, దాన్ని నాలుగు గుంజల చట్రంలో ఇరికించి నిలబెట్టేవాళ్లు. మేం తొమ్మిదిమందిమి. సబ్బు రాసుకున్న ఎడమ చేతిని మోచేయి దాటేదాకా వెనక నుంచి పేగులోకి పోనిచ్చి, పేగు గోడ మీదుగా ఆ మూతిని పట్టుకోవాలి. కుడి చేత్తో కింది ద్వారంలోంచి గొట్టం ఎక్కించాలి. ఒకరి తర్వాత ఒకరం, పొద్దున్నించి మధ్యాహ్నం దాకా. మూడోవాడి చేతికే నెత్తురు అంటేది. ఆవు మొదట్లో తన్నేది. తరువాత తన్నడం మానేసింది. అలవాటు పడిందిలే అనుకున్నాం. నాకు జాలి కలగలేదు. గొట్టం నా చేతికి అందరికన్నా ముందు లొంగిందని గర్వపడ్డాను. నెల తిరక్కుండానే ఆ ఆవు చచ్చిపోతే ఇంకో ఆవును తెచ్చారు.

ఆ తరువాత ఆర్నెల్లు ఒక డాక్టరు కింద పనిచేసి, పని వచ్చిందని ఆయన చేత సంతకం పెట్టించుకోవాలి. నన్ను జనగామకు బస్సు దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి దవాఖానాకు పంపారు. డాక్టరు కోస్తావాడు. పని తెలిసినవాడే, అది ఒప్పుకోవాలి. కానీ నేను వెళ్లాక కుర్చీలోంచి లేవడం మానేశాడు. పైగా నా మాట ఆయనకు పెద్ద వినోదం. "బర్రె గిట్ల పండుకున్నది సార్" అంటే చాలు, చేతిలో పేపరు దించి, "గిట్లనా, గట్లనా?" అని సాగదీసి, వచ్చినవాళ్ల ముందే నవ్వేవాడు. అటెండరు కూడా నవ్వేవాడు. వాడిది మా పక్క ఊరే!

"గేదె అనరా అబ్బాయ్. నోరు తిరగదా? అసలు మీది తెలుగేనా?" అనేవాడు డాక్టరు. నెల గడిచేసరికి నేను ఆయన ముందు గేదె అనడం, అండీ అనడం మొదలుపెట్టాను. అప్పుడు ఇంకా ఎక్కువ నవ్వాడు. అన్నం ముందు కూర్చున్నా ఆ నవ్వే చెవిలో ఉండేది. ఆయన్ని అసహ్యించుకున్నంతగా నేను బతుకులో ఇంకెవరినీ అసహ్యించుకోలేదు.

ఆమె వచ్చింది అలాంటి రోజుల్లోనే. నలభై ఏళ్లుంటాయి. భూమి ఉన్న ఇల్లే. కానీ భర్త పంచాయతీ రాజకీయాలంటూ ఊళ్లు పట్టుకు తిరిగేవాడు కాబట్టి బర్రెను ఆమే తోలుకొచ్చేది. నేను ఆ ఊరికి వెళ్లిన కొత్తలో ఒకసారి మందుకొచ్చినప్పుడు తన సంగతి నాకు చెప్పింది. పిల్లల్లేరు. మూడుసార్లు కడుపు వచ్చి పోయింది. ఆమె చేయి తగిలితే చెట్టు కూడా కాయదని తోడికోడళ్లు ముఖం మీదే అంటారు. ఆ బర్రె కూడా రెండేళ్లు కట్టలేదు. "నా కొట్టంల ఏది నిలువదట తమ్మీ. మొన్ననే దున్నపోతు కాడికి తోలిన. గీ బర్రె ఒక్కటి ఈనితె వాళ్ల నోర్లు మూతవడ్తయి" అంది.

ఈసారి బర్రె రెండు రోజులుగా మేత ముట్టడం లేదు. ఆమె గడప దగ్గరే నిలబడి, "సూడిది సారూ. మేత ముడ్తలేదు, జర మందియ్యుండ్రి" అంది.

చూలుతో ఉన్న పశువును చూడి పశువు అంటారు. మావాళ్ల నోట చూడి కాస్తా సూడి అవుతుంది. డాక్టరు చెవికి అది సూది అని వినిపించింది. ఎదకు వచ్చిన బర్రె కూడా మేత మానేస్తుంది కాబట్టి ఆయనకు అనుమానం రాలేదు. పేపరు దించకుండానే, "సూది గేదె. ఫ్లాస్కు తియ్" అన్నాడు నాతో. ఐసు పోసిన ఆ ఫ్లాస్కులో మేలుజాతి దున్న వీర్యం ఉండేది.

ఆమెకెందుకో కంగారు పుట్టి మళ్లీ, "సూడిది సారూ, సూడిది" అంది.

"ఆ, సూదేలే అమ్మా. వేస్తున్నాంగా" అన్నాడాయన.

తన మాట డాక్టరు చెవిన పడిందని, ఏదో మందు సూది వేస్తున్నారని ఆమె నిమ్మళించింది. బర్రె తల దగ్గరికి పోయి పలుపు పట్టుకుంది.

నాకు తెలుసు. ఆమె నోటి నుంచి మాట రాగానే తెలుసు. "సార్, ఆమె అన్నది సూడి." నాలుగు మాటలు చాలు. నోరు తెరిచాను కూడా. కానీ అంతకు గంట ముందే నేను 'ఎట్ల' అన్నానని, నలుగురి ముందు నా చేత 'ఎలా' అని పదిసార్లు అనిపించాడాయన. తెరిచిన నోరు మూసుకున్నాను. చేయిస్తే చేయించనీ అనుకున్నాను. రేపు బర్రె ఈసుకుపోతే, కడుపులో దూడ పోతే, జనం వచ్చి ఈయన గల్లా పట్టుకుంటారు. రిజిస్టరులో సంతకం నాది కాదు, ఆయనది.

సబ్బు రాసుకుని చేయి పెట్టాను. గర్భసంచి బరువెక్కి, నీళ్లు నింపిన తిత్తిలా కడుపులోకి జారి ఉంది. నాలుగు నెలలు దాటి ఉంటుంది. పక్కనున్న రక్తనాళం వేళ్ల కింద జలజలా కొట్టుకుంటోంది. కట్టిన పశువులో తప్ప అది అలా కొట్టుకోదు. అక్కడైనా ఆగవచ్చు. చేయి బయటికి తీసి తల అడ్డంగా ఊపితే అయిపోయేది, దానికి ఏ యాసా అక్కర్లేదు. నేను ఆగలేదు. మూతి బిగుసుకుని, జిగట గడ్డతో మూసుకుపోయి ఉంది. గొట్టం మొనతో పొడిచి, తిప్పి, దారి చేసుకుని లోపలికి పోయాను. మంచి చేయి కదా, ఎక్కింది. బర్రె నిలువునా వణికింది. ముందు నుంచి ఆమె దాని గంగడోలు నిమురుతూ, "అయిపాయె బిడ్డా, అయిపాయె" అంటోంది.

డాక్టరు నా శిక్షణ కాగితం మీద సంతకం పెట్టడేమోనన్న భయంతో చేశానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నాకు ఆ క్షణంలో భయమే లేదు. సంతోషంగా ఉంది.

తరువాతి రోజులన్నీ రోడ్డు వైపు చూస్తూ గడిపాను. ఆమె ఊరి నుంచి ఎవరొచ్చినా లేచి గుమ్మంలోకి వెళ్లేవాణ్ణి. డాక్టరు చేతులు జోడించి బతిమాలడం, బదిలీ కావడం, పెట్టె పట్టుకుని బస్సెక్కడం, అన్నీ ఊహించుకున్నాను. ఆ ఊహల్లో ఆమె ఎక్కడా లేదు. బర్రె కూడా లేదు.

పదకొండో రోజున ఆమె ఒక్కతే వచ్చింది. నెత్తిన తట్ట, దాని మీద తడి గోనెపట్టా. తట్టను బల్ల మీద పెట్టి పట్టా తీసింది. దూడ పిల్లికన్నా కాస్త చిన్నదిగా ఉంది. వెంట్రుకలు ఇంకా రాలేదు, చర్మం కింద నరాలు కనిపిస్తున్నాయి. గిట్టలు మాత్రం మెత్తగా, తెల్లగా ఏర్పడ్డాయి. ఆడ దూడ. ఆమె ఏడవడం లేదు. "సూడిదని రెండుసార్లు చెప్పిన గద సారూ" అంది.

డాక్టరు ఈసారి కుర్చీలోంచి లేచాడు. ముఖం పాలిపోయింది. నేను అన్నాళ్లు ఎదురుచూసింది ఆ ముఖం కోసమే. కానీ అది ఎంతోసేపు నిలవలేదు.

"నువ్వు సూది అన్నావు" అన్నాడు.

"సూడి అన్న సారూ."

"అదే నేననేది. చూడి అనాలి. చూ... డి. ఏదీ, అను."

తలుపు దగ్గర అటెండరు, ముగ్గురు రైతులు నిలబడి చూస్తున్నారు. ఆమె తట్ట అంచు పట్టుకుని, పెదాలు తడుపుకుని, "చూడి" అంది. మొదటిసారికే సరిగ్గా పలికింది.

"చూశావా, నోరు తిరిగిందిగా. ఈ ముక్క ఆ రోజే అని ఉంటే నీ దూడ దక్కేది" అన్నాడు.

ఎవరూ ఎవరి గల్లా పట్టుకోలేదు. చదువుకున్నాయన చెబుతున్నాడు కదా అని రైతులు తలలూపారు. వాళ్లలో ఒకాయన, "గామెకు మొదటిసంది గంతేనాయె. ఏది నిలువది" అని పక్కవాడితో అన్నాడు. మెల్లగా అన్నాననుకున్నాడు గానీ ఆమెకు వినిపించింది.

ఆమె దూడ మీద పట్టా కప్పింది. కప్పి నా వైపు తిరిగింది. నన్ను అనుమానించడం లేదు. నా మీద ఆశ పెట్టుకుంది.

"తమ్మీ, నువ్వు మనోనివే గద. నీకన్న ఇనవడ్డదా, నేను సూడి అన్నది?"

డాక్టరు నన్నే చూస్తున్నాడు. రైతులూ చూస్తున్నారు. ఔనంటే ఆయనతోపాటు నేనూ దొరికిపోతాను. విని కూడా చేయి ఎందుకు పెట్టావని ఆమె అడుగుతుంది.

"వినపడలేదండీ" అన్నాను. అచ్చం డాక్టరు మాట్లాడినట్టే వచ్చింది.

ఆమె నా నోటి వైపే చూసింది. తరువాత తట్ట ఎత్తి నెత్తిన పెట్టుకుంది. మెట్లు దిగుతూ, "చూడి, చూడి" అని మెల్లగా తనలో తనే పలుకుతోంది.