తోడేలు ముందు కూలబడ్డ జూరకాన్

నారిన్ నదికి ఎగువన ఓ కొండ ఊళ్ళో గుర్రాలశాలలో పనిచేసే జూరకాన్‌కి కుక్క మొరిగినా గుండె దడే. ఈనడానికి మొరాయించే ఆడగుర్రం పక్కన తెల్లవార్లూ కూర్చునేది గానీ, పక్కింటి కుక్క గొలుసు విప్పుకుంటే మాత్రం గడపదాటేది కాదు. అలాంటి మనిషిని పట్టుకుని ఊరంతా ధీరురాలంది.

ఆ యేడు మంచు ఇంకా కరగకముందే పట్నం నుంచి సినిమావాళ్ళు లారీలేసుకుని వచ్చారు. కథ ఏమిటంటే, మొగుడు యుద్ధానికి పోయిన ఓ ఇల్లాలు ఒంటిచేత్తో మందను కాస్తుంది. దొడ్లోకి తోడేలు వస్తే కర్ర ఎత్తి తరిమేస్తుంది. ఆ వేషం వేసేది అయ్‌జమాల్, అప్పటికే పేరున్న నటి. తోడేలు మాత్రం నిజమైనదే. ఒసోర్ అనే ముసలి వేటగాడు కూనగా ఉన్నప్పటి నుంచీ దాన్ని పెంచాడు. మెడకి సన్నటి తీగ కట్టి, మంచు కింద దాచి, రెండో కొస తన చేతికి చుట్టుకునేవాడు.

అయ్‌జమాల్ దాని ఎదురుగా ఒక్కసారి నిలబడింది. అది పెదవి పైకి లేపి కోరలు చూపించింది. ఆమె మారుమాట లేకుండా వెళ్ళి వ్యాన్లో కూర్చుని తలుపేసుకుంది. ఎంత బతిమాలినా తియ్యలేదు.

డైరెక్టర్ మాంబెత్ దిక్కుతోచక చుట్టూ చూశాడు. టీ కెటిల్ పట్టుకుని వస్తున్న జూరకాన్ కంటబడింది.

"అమ్మాయ్, ఇలా రా. ఒడ్డూ పొడుగూ సరిగ్గా ఆవిడలాగే ఉన్నావు. ఆవిడ నల్లకోటు తొడుక్కో. వీపు కనబడితే చాలు, నీ మొహంతో పనిలేదు."

"నా వల్ల కాదు బాబాయ్. నాకు కుక్కంటేనే భయం."

"కట్టేసిన జంతువేనమ్మా. కర్ర ఎత్తు, దించు. అంతే."

ఆమె మొగుడు తుర్గున్ పక్కకి లాగాడు. "ఊరందరి ముందూ పరువు తియ్యకే. పోయి నిలబడు."

"అయితే ఆ కోటు నువ్వే తొడుక్కో."

"నాకు మీసముంది కదే."

"వీపుకి లేదుగా."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే ఎవరో ఆమెకి కోటు తొడిగేశారు. ఒసోర్ తాత దగ్గరికొచ్చి తీగ చూపించాడు. "ఇది నా చేతిలో ఉన్నంతసేపూ నీ మీద ఈగ కూడా వాలదు తల్లీ." ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె మంచులోకి నడిచింది.

కెమెరా తిరిగింది. తోడేలు తలవంచి మెల్లగా వస్తోంది. జూరకాన్ కర్ర ఎత్తబోయింది. అప్పుడే టంగుమని చిన్న చప్పుడైంది. తోడేలు వెనకాల ఒసోర్ తాత మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆయన చేతిలో తెగిన తీగ గాలికి ఊగుతోంది.

ఎవరూ కదల్లేదు. కదిలితే అది దూకుతుందని అందరికీ తెలుసు.  జూరకాన్ చేతిలోంచి కర్ర దానంతటదే జారిపోయింది. ఆమె ఉన్నచోటే మంచులో కూలబడింది. ఇప్పుడు దాని కళ్ళూ ఆమె కళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయి. దాని ఊపిరి వెచ్చగా చెంపకి తగిలింది. అరుద్దామంటే అరుపు పెగల్లేదు. నొప్పులు పడే గుర్రాల పక్కన కూర్చుని తీసే కూనిరాగం ఒక్కటే గొంతులోంచి సన్నగా బయటికొచ్చింది.

"కురూ... కురూ..."

తోడేలు చెవి కదిలింది. గుర్రాల వాసన కొట్టే ఆమె చేతిని మూచూసింది. ఏమనుకుందో ఏమో, పక్కకి తిరిగింది. ఒసోర్ తాత తన గొర్రెతోలు కోటు దాని మీద విసిరి ఒడిసిపట్టాడు.

మాంబెత్ పరిగెత్తుకొచ్చాడు. "కర్రెందుకు, ఇదే ఉంచేద్దాం. ఎంత బాగా చేశావు తల్లీ."

"నేనేం చేశాను బాబాయ్? పడిపోయాను." పళ్ళు టకటకలాడుతుంటే ఆ ముక్క అనడానికే ఆమెకి చాలాసేపు పట్టింది. బట్టలు తడిశాయని ఎవరికీ చెప్పలేదు. కోటు విప్పమంటే ఇల్లు చేరేదాకా విప్పలేదు.

సినిమా ఊరూరా ఆడింది. ఓ తల్లి మరో ప్రాణి ముందు మోకరిల్లిన ఘట్టమట, అదంతా మాంబెత్ ఆలోచనట. పేపర్లలో అలా రాశారు. జూరకాన్ పేరు తెరమీద లేదు. ఊరివాళ్ళకి మాత్రం తెలుసు కాబట్టి తోడేలక్క అన్నారు. ఊళ్ళో సినిమా వేసిన రోజు ఆమె ఆ ఘట్టం రాకముందే బయటికొచ్చి, చెవులు మూసుకుని గోడవార నిలబడింది. కళ్ళు మూసుకుంటే ఆ వెచ్చటి ఊపిరి మళ్ళీ తగిలేది. ఇన్నాళ్ళూ ఒంటరిగా వెళ్ళే శాలకి తుర్గున్‌ని తోడు తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. అతను ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. "నేనే నిన్ను తోశాను, పద" అనేవాడు.

ఓ చలికాలం మునిమాపు వేళ గొర్రెలకాపరి సాగిన్ తలుపు బాదాడు.

"తోడేలక్కా, మా దొడ్లో తోడేలు పడింది. నువ్వొస్తే పోతుంది."

"నాకేం మంత్రాలు రావు సాగిన్. ఆ రోజు భయంతో కాళ్ళు చచ్చి కూలబడ్డాను. తుపాకీ ఉన్నవాణ్ణి పిలువు."

"గొప్పవాళ్ళంతా ఇలాగే అంటారక్కా."

వెళ్ళకపోతే గొర్రెలు పోతాయి. ఇనప బకెట్ గరిటెతో వాయిస్తూ, దారిపొడుగునా ఏడుస్తూ వెళ్ళింది. పక్కన కాగడాతో తుర్గున్. వాళ్ళు చేరేసరికి తోడేలు లేదు, గొంతు తెగిన గొర్రెలున్నాయి. మర్నాటికల్లా ఆమె ఏడుపు తోడేళ్ళని తరిమే పాటైపోయింది. కాదని చెప్పిన కొద్దీ జనం మరింత నమ్మారు.

తనకీ జూరకాన్‌కీ జుట్టు నెరిశాక అయ్‌జమాల్ మళ్ళీ ఆ ఊరొచ్చింది. సినిమా తీసిన ఊళ్ళోనే దాన్ని మళ్ళీ వేసి వేడుక చేస్తున్నారు. కారు దిగి నేరుగా జూరకాన్ ఇంటికే వెళ్ళింది. రొట్టె విరిచి కూర్చుంది గానీ తినలేదు.

"వ్యాన్ కిటికీలోంచి చూశానక్కా. తీగ తెగడం చూశాను. అరవబోయి నా నోరు నేనే నొక్కుకున్నాను. నా చావు నువ్వు చావబోయావు. ఎక్కడికెళ్ళినా ఆ ఘట్టానికే నాకు చప్పట్లు. ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది."

"భయంతో పడ్డానని నేను చెబితే ఎవరూ నమ్మరమ్మా."

"నేను నమ్ముతాను. నేను తలుపేసుకున్నదాన్ని కదా."

జూరకాన్ తలగుడ్డ కొసతో కళ్ళొత్తుకుంది. ఇన్నేళ్ళకి ఒక్క మనిషి ఆమె భయాన్ని నమ్మింది.

సాయంత్రం ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. తెరమీద మంచు, దొడ్డి, నల్లకోటు వీపు. జూరకాన్ లేవబోయింది. అయ్‌జమాల్ చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. జూరకాన్ కళ్ళు గట్టిగా మూసుకుంది. హాలంతా ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత చప్పట్లతో మోగిపోయింది.

"తోడేలు పోయిందా?" జూరకాన్ గుసగుసగా అడిగింది.

"ఏమోనక్కా. నేనూ కళ్ళు మూసుకున్నాను."