మందు ఎంచే మనిషి

జీవరత్నం గారికి మందు ఎంచడమంటే పిచ్చి. తాగే మందు కాదు, తుపాకీ మందు. షూటింగ్ రేంజ్‌లో రివాల్వర్ తూటాలు చేత్తో నింపి నింపి రిటైరైన మనిషి. ఏ మందు, ఎంత మందు అన్నది తేలందే ఆయన చేయి కదిలేది కాదు. తూటాలు పోయాయి, పిచ్చి మిగిలింది. ఇప్పుడు కాఫీపొడిని కూడా ఇత్తడి త్రాసులో, ఫ్యానాపి, ఊపిరి బిగబట్టి తూస్తారు. ఆ కాఫీ వచ్చేసరికి చుట్టాలు చెప్పులేసుకుంటారు.

"మా ఆయన మందు మీద బెంగతో చిక్కిపోతున్నారండీ" అని భార్య సరళకుమారి చర్చిలో అనేసింది. కొత్త పాస్టరు గారు ఆయన తలమీద చెయ్యిపెట్టి, తాగుడు మాన్పించమని కన్నీళ్లతో ప్రార్థించారు. ఈయన భక్తిగా ఆమెన్ అన్నారు.

బెంగ మాత్రం నిజం. టీవీ చూస్తూ కూడా ఆయన వేళ్లు గాల్లో ఏదో ఒంపుతున్నట్టు కదిలేవి. చూస్తే ఆమెకు జాలేసేది.

అలాంటి మనిషి దగ్గరికి పై అంతస్తు నవదీప్ ఓ మధ్యాహ్నం ఖాళీ తూటాలు, మందు డబ్బాలు సంచిలో తెచ్చాడు.

"అంకుల్ జీ, సాయంత్రం తమ్ముడి పెళ్లి బరాత్. మామయ్య రివాల్వర్ ఉంది. మీరు నింపి ఇవ్వండి, ధమాకా అదిరిపోవాలి!"

సరళకుమారి వంటింట్లోంచి వచ్చేసింది. ఈ ఫరీదాబాద్‌లోనే నర్సుగా చేసినన్నాళ్లూ ఆమె చూసిందే ఇది. వీధిలో గాల్లోకి కాల్పులతో మగాళ్ల సంబరం, బాల్కనీలో పసిపిల్ల ఒంట్లో తూటా. కాల్చినవాడు మాత్రం ఎప్పుడూ దొరకడు.

"వద్దనండి" అంది.

ఆయనకు వినబడలేదు. డబ్బా మూత తీసి, వాసన చూసి కళ్లు మూసుకున్నారు. "ఎన్నాళ్లయింది సరళా!"

ఇక మొదలు. ఒకటి మరీ త్వరగా మండుతుందట. ఇంకోటి బద్ధకమట. మరోదానికి తేమ తగిలిందట. డబ్బా వెనక డబ్బా బాత్రూంలోకి, "కిటికీ వెలుతురులో చూసొస్తా" అంటూ.

"ఏదో ఒకటి వేసెయ్యండి, అంకుల్ జీ!"

"ఏదో ఒకటా? పెళ్లికూతుర్ని అలాగే ఎంచారా?"

బ్యాండు మోగింది. గుర్రం కదిలింది. "నవదీప్, కహాఁ హై తూ?" అని కింద నుంచి కేకలు. వాడు నుదురు కొట్టుకుంటూ ఒట్టి చేతులతో పరిగెత్తాడు.

సరళకుమారి బాత్రూంలోకి వెళ్లింది. మందంతా బకెట్ నీళ్లలో నల్లగా నానుతోంది.

"తూటా తగిలిన ఆ పాప ఎమర్జెన్సీకొచ్చిన రోజు నువ్వు అన్నం ముట్టలేదుగా" అన్నారాయన, ఆమె వైపు చూడకుండా. "ఒక్కటి... ఒకే ఒక్కటి నింపి చూద్దామని చేతులు లాగేశాయనుకో."

బాల్కనీల నిండా పిల్లలు. ఊరేగింపు డోలు మోతతోనే వీధి దాటింది.

కాసేపటికి నవదీప్ చెమటలు కక్కుతూ మళ్లీ వచ్చాడు. "బరాత్ అయిపోయింది! నా తూటాలేవి?"

"ఇంకా మందు ఎంచుతున్నా, బాబూ. తొందరేముంది? మీ తమ్ముడికి పిల్లలు పుట్టి, పెరిగి, పెళ్లీడుకు రానీ."