బలం గోలీలు

అమీర్‌పేటలో మా గది ఒక జిరాక్స్ షాపు మీద, రెండో అంతస్తులో ఉండేది. ముగ్గురం ఉండేవాళ్లం. నేను గుంటూరు వైపు నుంచి జావా నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌లో పడదామని దిగినవాణ్ని. తెనాలి కుర్రాడొకడిది కూడా అదే కోర్సు, అదే ఆశ. మూడో మనిషి మాకన్నా ఆరేళ్లు పెద్ద, నల్గొండ వైపు ఆయన, పంజాగుట్టలో కంప్యూటర్లు రిపేరు చేసే దుకాణంలో పని. మేం అన్నా అనేవాళ్లం, ఆయన మమ్మల్ని తమ్మీ అనేవాడు.

ఆ గదిలో ఎవరి వస్తువూ ఎవరి సొంతమూ కాదు. ఇంటర్వ్యూకి పనికొచ్చే నీలం చొక్కా ఒక్కటే ఉండేది, పిలుపు ఎవరికొస్తే వాళ్లు తొడుక్కునేవాళ్లు. సబ్బు, దువ్వెన, జ్వరం మాత్రలు అన్నీ అంతే. ఏదైనా అడిగి తీసుకుంటే, వీడింకా చుట్టమేరా అని ఎగతాళి చేసేవాళ్లం. రోజూ పొద్దుగూకాక అన్నం వండి, కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన పప్పూ వేపుడూ దాంతో కలిపి, ఒకే బేసిన్ చుట్టూ కూర్చుని తినేవాళ్లం. కలపడం అన్న వంతు. ఆయన చేత్తో కలిపితే రుచే వేరని పొగిడేవాళ్లం. నిజానికి అది మా బద్ధకం.

అన్న సెల్‌ఫోన్ పొద్దున ఎనిమిదికీ, మళ్లీ రాత్రి ఎనిమిదికీ మోగేది. మోగగానే విటమిన్ సీసాలోంచి ఒక గోలీ తీసి వేసుకునేవాడు. బలానికని చెప్పాడు. అంతకుముందు ఏడాది టీబీ వచ్చి బాగా చిక్కిపోయాడని, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో చూపించుకుని కోలుకున్నాడని మాకు తెలుసు. అందుకని ఆ మాట నమ్మాం.

ఆ రోజుల్లో నాకు ఒంట్లో సత్తువ ఉండేది కాదు. తెల్లారి ఆరింటికే క్లాసు, మధ్యాహ్నం ఇంటర్వ్యూల క్యూలు. ఏ కంపెనీలోనూ రెండో రౌండు దాటేవాణ్ని కాదు. తప్పంతా ఒంటిదే, బుర్రది కాదని తేల్చుకున్నాను. అన్న పనికి వెళ్లాక ఆ సీసాలోంచి రోజూ ఒకటి మింగడం మొదలుపెట్టాను. దొంగతనమన్న ఊహే రాలేదు. నీలం చొక్కా తొడుక్కున్నంత మామూలుగా తీసుకున్నాను.

రెండు వారాలు దాటాక ఒళ్లు కాలిపోయే జ్వరం, ఛాతీ మీదా చేతుల మీదా ఎర్రటి దద్దుర్లు. అమ్మవారు పోసిందేమో, వేపాకు తెస్తానన్నాడు తెనాలి కుర్రాడు. అన్న నా చొక్కా ఎత్తి చూసి, కొత్తగా ఏం తిన్నావని అడిగాడు. ఏమీ లేదు, నీ బలం గోలీలు తప్ప, అన్నాను.

ఆయన నా చొక్కా కిందికి దించాడు. కుర్రాణ్ని సోడా తెమ్మని కిందికి పంపి, తలుపు దగ్గరికి వేశాడు.

"తమ్మీ, గవి బలానికి గావు. నాకు హెచ్ఐవి ఉన్నది. గవి దాని మందులు, సీస మార్చి పోసిన. లే, చెప్పులేస్కో, డాక్టరమ్మకు చూపియ్యాలె."

ఆ గోలీలు నీకు పడలేదు, మానెయ్ అని ఆయన ఊరుకుని ఉండొచ్చు. నేను మానేసేవాణ్ని, ఆయన గుట్టు ఆయన దగ్గరే ఉండేది. కానీ నేను మింగింది ఏ మందో డాక్టరుకి తెలియాలని చెప్పేశాడు. ఎర్రగడ్డలో తనకి నెలనెలా లెక్కపెట్టి ఉచితంగా మందులిచ్చే ఆసుపత్రికి తనే ఆటోలో తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ నన్ను పరీక్షించి, ఆ గోలీలో కలిసిన మందొకటి కొందరికి పడదని, కాలేయం పాడయ్యే ప్రమాదం కూడా ఉందని, త్వరగా వచ్చి మంచిపని చేశారని చెప్పింది. తర్వాత అన్న వైపు తిరిగి, నీ గోలీలు తక్కువ పడ్డాయి కదా, ఏం చేశావని అడిగింది. ఆయన తల దించుకున్నాడు. పది రోజుల కిందటే చూసుకున్నాడట. మళ్లీ అడిగితే అమ్ముకున్నాడని అనుకుంటారేమోనని భయపడి, నెలాఖరుదాకా సరిపోవాలని రాత్రి గోలీ మానేశాడట. ఆ పది రాత్రులూ ఎనిమిదింటికి ఫోన్ మోగింది, ఆయన వట్టి నీళ్లు తాగాడు. మేం పక్కనే ఉన్నాం.

ఆవిడ కోప్పడలేదు. ఆ హెచ్ఐవి పురుగు ఒంట్లోకి వచ్చాక ఏళ్ల తరబడి చప్పుడు చేయదని, లోలోపల రోగాల్ని ఎదిరించే కణాల్ని తినేస్తుందని, అవి బాగా తగ్గాక టీబీలాంటివి వచ్చి పడతాయని, ఆ దశనే ఎయిడ్స్ అంటారని విడమరిచి చెప్పింది. మందు దాన్ని చంపదు, అణిచి ఉంచుతుంది. పూటలు తప్పితే పురుగు మందుకి అలవాటుపడుతుంది, ఆ తర్వాత ఆ మందు పని చేయదు. నేను అడక్కుండానే ఇంకో మాట కూడా చెప్పింది. రక్తం వల్ల, రక్షణ లేని కలయిక వల్ల, తల్లి నుంచి బిడ్డకు వస్తుంది తప్ప, ఒకే కంచంలో తింటే రాదని. నేను బుద్ధిగా తలూపాను.

ఆ సాయంత్రం అన్న ఎప్పట్లాగే బేసిన్ ముందేసుకున్నాడు. ఆయన చెయ్యి అన్నంలో పడకముందే నేను లేచి, స్టీలు పళ్లెంలో వేరుగా వడ్డించుకున్నాను. డాక్టరమ్మ పథ్యం చెప్పింది అన్నాను. ఆవిడ చెప్పిందంతా నా పక్కన కూర్చుని విన్న మనిషితోనే ఆ మాట అన్నాను. ఆయన సరేనన్నట్టు తలూపి, ఇద్దరికి సరిపడా కలిపాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, అది నేనే. మర్నాడు తెనాలి కుర్రాడు కూడా పళ్లెం తెచ్చుకున్నాడు. వాడికి చెప్పింది నేనే. ఆ తర్వాత బేసిన్ కడిగింది కడిగినట్టే గోడ పక్కన బోర్లించి ఉండిపోయింది.

శనివారం అన్న ఎర్రగడ్డ దగ్గర గది చూసుకుని వెళ్లిపోయాడు. మందులకి దగ్గరవుతుందన్నాడు. నీలం చొక్కా ఆయన డబ్బుతో కొన్నదే. ఉతికి, ఇస్త్రీ చేయించి, కొక్కేనికి తగిలించి వెళ్లాడు. నాకు ఉద్యోగం వచ్చిన ఇంటర్వ్యూకి అదే వేసుకుని వెళ్లాను.

ఏడాదిన్నర తర్వాత పంజాగుట్ట బస్టాపులో కనిపించాడు. బుగ్గలు లోపలికి పోయి, నడుం దగ్గర ప్యాంటు కుచ్చిళ్లు పడి ఉంది.

"మచ్చలు పోయినయా తమ్మీ?" అని అడిగాడు, ముందుగా.

పోయాయన్నాను. మందుల సంగతి అడిగితే, పాతవి పని చేయట్లేదని, వేరేవి ఇక్కడ సర్కారు ఆసుపత్రుల్లో ఇంకా ఇవ్వట్లేదని, చూడాలని అన్నాడు. ఆ పది రాత్రుల వల్లేనా అంటే ఏ డాక్టరూ కచ్చితంగా చెప్పలేడేమో. నాకు మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంకా ఆ గదిలోనే ఉంటున్నాం, రా అన్నా, ఆ బేసిన్‌లోనే కలిసి తిందాం అన్నాను.

"తినే వచ్చిన తమ్మీ," అన్నాడు.

అప్పుడు పొద్దున పదిన్నర. ఒంటిగంట లోపు అన్నం ముట్టే అలవాటు ఆయనకి లేదని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. పథ్యం మాటకి ఆ రోజు ఆయన తలూపినట్టే నేనూ తలూపాను. ఎర్రగడ్డ బస్సు వచ్చింది, ఆయన ఎక్కి వెళ్లిపోయాడు.