భీంరావు పువ్వు

మిర్చి టోకు వ్యాపారి భీంరావు మధ్యాహ్నం ఇంటికి రాగానే సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంటాడు. అన్నానికి కాదు, కిటికీ దగ్గరి ఆంథూరియం మొక్కకు మిరప ఘాటు తగలకూడదని. ఆకు కింద అరచెయ్యి ఆనించి తడిగుడ్డతో తుడుస్తాడు. ఎండ పడితే పరదా లాగుతాడు. బీదర్ ఎండలకు అది బతకదని అందరూ అన్నారు. ఈ వేసవిలో లక్కలా మెరిసే ఎర్రటి పువ్వు ఒక్కటి పూసింది.

ఒక శుక్రవారం పూజకు పూలు చాలలేదు. "ఆ ఒక్కటి తెంపియ్యుండ్రి," అంది భార్య కన్యక. భీంరావు కాసేపు పువ్వును చూశాడు, దేవుడి పటాన్ని చూశాడు. చివరికి కుండీనే ఎత్తుకొచ్చి పటం ముందు దించాడు.

"వాసన లేని పువ్వు. దేవుడు చూస్తే సాలు," అన్నాడు.

కన్యక నవ్వాపుకొని కుండీకి బొట్టు పెట్టింది.

ఇప్పుడు శుక్రవారమైతే ఆమె పూలు కొనదు. "జర కుండీ పట్కరాండ్రి," అని పిలుస్తుంది. ఆయన చేతులు కడుక్కుని వస్తాడు.