ఒళ్లో డ్రాఫ్టర్

తార్నాకలో బస్సెక్కితే, పక్క సీటాయన ఒళ్లో ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో గీతలు గీసే డ్రాఫ్టర్ కనిపించింది. ఆయన తల సగం నెరిసింది. బస్సు కుదిపినప్పుడల్లా దాన్ని రెండు చేతులా అదిమి పట్టుకుంటున్నాడు.

"పిల్లలదా అండీ?" అని అడిగాను.

"నాదే. ఇయాల పరీక్ష ఉన్నది."

ఆయన ఇరవై రెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఇంజినీరట. బీటెక్‌లో ఈ ఒక్క సబ్జెక్టు మిగిలిపోయింది. మొదట చేరిన చిన్న కంపెనీలో పని వచ్చా అని చూశారే తప్ప సర్టిఫికెట్ అడగలేదు. తర్వాత అందరూ అనుభవమే చూశారు. ఇప్పుడు యూనివర్సిటీ పాత విద్యార్థులకు ఆఖరి అవకాశం ఇచ్చింది.

"ఇంత అనుభవం ఉండి, ఇప్పుడు డిగ్రీ ఎందుకండీ?" ఉండబట్టలేక అడిగాను.

"మా బిడ్డ కాలేజీల చేరింది. ఫారంల తండ్రి చదువు అని ఉంటది గదా, నన్ను అడగకుండనే బీటెక్ అని రాసింది. కింద సంతకం నేనే పెట్టిన."

క్యాంపస్ స్టాపు వచ్చింది. తలుపు దగ్గర నిలబడ్డ ఒక విద్యార్థిని ఆయనకు దారిచ్చి, "ఇన్విజిలేషన్‌కా సార్?" అంది.

"లేదమ్మా, నేను గూడ రాస్తున్న. రబ్బరు ఇంకోటి ఉన్నదా నీ దగ్గర?"

ఇద్దరూ కలిసి దిగిపోయారు. ఆయన హాల్‌టికెట్ నంబరు అడగనందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటుంటాను.