ఆదివారం మాయమయ్యే రిపోర్టులు

చర్ల దగ్గర నేను పనిచేసే చిన్న దవాఖానాకు రక్తపరీక్షల రిపోర్టులు భద్రాచలం ల్యాబ్ నుంచి మెయిల్‌లో వస్తాయి. శనివారం సాయంత్రం బస్సులో పంపిన నమూనాల రిపోర్టులు ఆదివారం పొద్దున రావాలి. కొన్ని వారాలుగా అవి మాత్రమే రావడం లేదు. మిగతా రోజులవి సక్రమంగా వస్తున్నాయి. ల్యాబ్ వాళ్లేమో అన్నీ పంపామంటున్నారు. జ్వరంతో వచ్చినవాళ్లు బజారులోని ప్రైవేటు ల్యాబ్‌లో మళ్లీ రక్తం ఇచ్చుకుంటున్నారు. ఆ ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేసేది మా నర్సు మరిది. ఆదివారం డ్యూటీ నర్సుదే.

ఇన్‌ఛార్జి సార్‌కు ఇంతకన్నా ఏం కావాలి?

“ఆమెనే తీసేస్తున్నది. నెలాఖరుకు కాంట్రాక్టు అయిపోతది. రెన్యువల్ మీద సంతకం పెట్టేముందు నాకు రుజువు కావాలె,” అన్నారు.

“పాస్‌వర్డ్ మారుద్దాం సార్.”

“మారిస్తే జాగ్రత్త పడ్తది. పట్టుకోవాలె గానీ.”

దవాఖానాలో కంప్యూటర్లు చూసేది నేనే. అనుమానాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోవడం నా పద్ధతి. మొదటిది, ల్యాబ్ నిజంగా పంపిందా? మెయిల్ పంపే పద్ధతిని ఎస్‌ఎంటీపీ అంటారు. బస్సులో పార్సిల్ పంపినట్టే ఉంటుంది: వాళ్ల సర్వర్ మా సర్వర్‌కు అప్పజెప్పి, అందిందన్న జవాబు తీసుకుంటుంది. ఆ జవాబు ల్యాబ్ దగ్గర ఉంది. కాబట్టి మెయిల్ మా దాకా వచ్చింది.

రెండోది, వచ్చాక ఏమైంది? మా కంప్యూటర్, సార్ ఫోన్ రెండూ ఐమ్యాప్ పద్ధతిలో చూస్తాయి. మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది. పంచాయతీ నోటీసు బోర్డు దగ్గర అందరూ చదివేది ఒకే కాగితాన్ని. ఒకరు చింపితే అందరికీ పోతుంది. చింపింది ఎవరు? ట్రాష్‌లో కూడా ఆనవాలు లేదు. ఖాతా వాడకం వివరాలు తెరిచాను. ఆదివారం పొద్దున మెయిల్ తీసింది మా ఆవరణలోని ఇంటర్నెట్ లైను నుంచే. సార్‌కు ఆ మాటే చెప్పాను. ఆ రోజు నుంచి నాకూ ఆమె మీద నమ్మకం సడలింది.

తర్వాతి ఆదివారం ప్రింటర్ బాగుచేసే నెపంతో ఆమె గదిలో కూర్చున్నాను.

“ప్రింటర్ నిన్న మంచిగనే ఉండె గదా తమ్మీ,” అంది.

“జర చూస్తున్న సిస్టర్.”

“ప్రింటర్‌నా, నన్నా?”

నేను ప్రింటర్ మూత తెరిచాను. ఆమె ఎవరికో కట్టు కట్టడానికి పక్క వార్డులోకి వెళ్లింది. అప్పుడే ల్యాబ్ మెయిల్ వచ్చింది. మౌస్ మీద ఎవరి చెయ్యీ లేదు. నేను తెరిచేలోపే అది పోయింది.

వాడకం వివరాలు మళ్లీ తెరిచాను. పోయినసారి చోటు చూసి ఆగిపోయాను. పక్క గడిలో, తీసిన పద్ధతి కూడా ఉంది: పాప్. ఇది పాతది. రేషన్ బియ్యం ఇంటికి తెచ్చుకున్నట్టు, మెయిల్‌ను తన కంప్యూటర్‌లోకి మోసుకుపోతుంది. అలా అమర్చి ఉంటే సర్వర్‌లో ఏమీ మిగల్చదు. మేం వాడుతున్న వాటిలో ఏదీ పాప్‌తో లేదు.

ఆవరణ చివరి ప్రార్థన గదిలో పాట మొదలైంది. పాటల మాటలు గోడ మీద చూపించడానికి సార్ ఈమధ్యే తన గదిలోని పాత కంప్యూటర్‌ను వాళ్లకిచ్చారు. అది నడిచేది ఆదివారమే, మా ఇంటర్నెట్ లైను మీదే. వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. గోడ మీద పెద్ద అక్షరాల్లో చరణం. ఇంకో రిపోర్టు వచ్చినట్టుంది, నేను చూస్తుండగానే కింది మూలలో చిన్న పెట్టె లేచింది: ‘కొత్త సందేశం’, దాని కింద మా ల్యాబ్ పేరు. అందరూ పాడుతూనే ఉన్నారు.

పాట అయ్యాక డోలక్ వాయించే పెద్దమనిషిని అడిగాను.

“అవ్, వారం వారం వస్తది. జరసేపుండి పోతది. పాటతోపాటు గట్లనే వస్తదేమో అనుకున్నం,” అన్నాడాయన.

మా దవాఖానాలో ఆ ప్రార్థనకు వెళ్లేది నర్సు ఒక్కతే. డ్యూటీ వల్ల ఈ మధ్య ఆ గోడ చూడనిదీ ఆమే. సార్ శనివారమే ముదిగొండలోని ఇంటికి వెళ్లిపోతారు.

మరి మిగతా రోజుల మెయిళ్లు ఎందుకు పోలేదు? పాప్‌కు కనిపించేది ఇన్‌బాక్స్ ఒక్కటే. నర్సు రోజూ డ్యూటీ దిగేముందు రిపోర్టులన్నిటినీ ఊళ్ల పేర్లతో ఉన్న ఫోల్డర్లలోకి సర్దేది. ఆదివారం అప్పుడే వచ్చినవాటిని సర్దే వ్యవధి ఆమెకు దొరికేది కాదు. ఆమె అంత పద్ధతిగా ఉండకపోతే అన్ని రోజులవీ పోయేవి, ఆమెను ఎవరూ అనుమానించేవాళ్లు కాదు.

సోమవారం సార్‌కు చెప్పాను.

“ఏందయ్యా, కంప్యూటర్‌కు ఆదివారమే దొంగబుద్ధి పుడ్తదా?”

“దాన్ని ఆన్ చేసేది ఆదివారమే సార్. పోయిన రిపోర్టులన్నీ దాంట్లనే ఉన్నయ్.”

“దాంట్ల మన మెయిల్ ఎవరు పెట్టిన్రు?”

“మీ రూముల ఉన్నప్పటిది సార్. తుడవకుండనే ఇచ్చినం.”

“ఇదంతా చెప్పుమని ఆమె ఏమన్న అన్నదా?”

పాత కంప్యూటర్‌ను మోసుకొచ్చి ఆయన బల్ల మీదే తెరిచాను. వారం వారీగా రిపోర్టులన్నీ కనిపించాయి. అప్పుడు గానీ సార్ ఆమె రెన్యువల్ మీద సంతకం పెట్టలేదు.

పాత కంప్యూటర్‌లోంచి మా ఖాతా తీసేశాను. తర్వాతి ఆదివారం మెయిల్ వచ్చింది, పోలేదు.

“తెరవండి సిస్టర్,” అన్నాను.

“నువ్వే తెరువు తమ్మీ. నేను ముట్ట. రేపు పోతే మళ్ల నా మీదికే వస్తది.”

ప్రింట్ నొక్కాను. కాగితం పూర్తిగా బయటికి వచ్చేదాకా ఆమె నా చేతులనే చూస్తూ నిలబడింది.