రేడియో ఆపని కుట్టు పాఠం

మా వీధి కత్తెరమ్మను దొంగ అని మొదట అన్నది మనిషి కాదు, యంత్రం. మనిషి అయితే ఆవిడ అక్కడే సంగతి తేల్చేది. చేతిలో కత్తెర, పెదాల మధ్య గుండుసూదులు, ఆ సూదుల సందులోంచి తిట్లు. ఆ పేరు ఊరికే రాలేదు. కానీ యంత్రంతో ఏమని దెబ్బలాడుతుంది? ఒక ఉదయం ఫోన్‌కి నోటీసు వచ్చింది. ఇతరుల సొత్తును అనుమతి లేకుండా వాడుకున్నందుకు మీ కుట్టు పాఠాల చానల్‌ను తొలగించాం అని.

ఆ సొత్తు ఏమిటంటే, ఆవిడ గుడ్డ కత్తిరిస్తున్నప్పుడు వెనక కిటికీలో రేడియో మోగుతోంది. రేడియోలో ఏదో పాత సినిమా పాట వస్తోంది. ఆ పాట హక్కులు ఒక కంపెనీ చేతిలో ఉన్నాయి. పాటను పట్టుకున్న యంత్రానికి పాట ముందు ఆడుతున్న కత్తెర కనపడలేదు.

రేడియో ఆపితే ఆవిడ చెయ్యి ఆడదు. సైకిల్ రిపేరు షాపు పైన ఒంటిగది. పాత తలుపు చెక్క ఒకటి బల్లగా మారింది. కిటికీ ఊచకు రేడియోను ఎలాస్టిక్‌తో బిగించి కట్టింది. పాట వెంట కాలు, కాలి వెంట మిషను. వార్తలు మొదలైతే కుట్టు వంకర పోతుందని ఆ కాసేపూ హుక్కులు కుట్టుకుంటుంది. గోడ పొడుగునా మేకులకు న్యూస్‌పేపర్లో కత్తిరించిన జాకెట్ల కొలతలు. వాలిన భుజాలు, వంగిన వీపులు, కాన్పు తర్వాత మారిన నడుములు, వీధి ఆడవాళ్ళందరి ఒళ్ళూ ఆ గోడ మీద వేలాడుతుంటాయి. ఏ కాగితం మీదా పేరుండదు. మొగుడి గురించి ఎవరైనా అడిగితే, "ఉన్నాడు, కాజాలు బాగా తీస్తాడు" అని ఊరుకుంటుంది. ఆయన పక్కనే కూర్చుని గుండీలకు కాజాలు తీస్తుంటాడు.

ఆవిడకు కుట్టు నేర్పింది అక్క. ఆ అక్కకు క్యాన్సర్ వచ్చి ఒక రొమ్ము తీసేశారు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక ఏది తొడుక్కున్నా ఒక పక్క ముడుచుకుపోయేది, ఇంకో పక్కకు లాగేసేది. అక్క బయటికి రావడం మానేసింది. అప్పుడు చెల్లెలు పాత కాగితాలన్నీ తీసి పక్కన పారేసి, రెండు పక్కలకూ రెండు వేరువేరు కత్తిరింపులు వేసింది. లోపల దూది మెత్త పెట్టుకోవడానికి జేబు కుట్టింది. ముందువైపు ఉండాల్సిన మడతను చంక కిందకు తీసుకెళ్ళింది. ఎన్ని జాకెట్లు పాడయ్యాయో ఆవిడ చెప్పదు. చివరికి ఒకటి కుదిరింది. అక్క అద్దం ముందు నిలబడి, "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే ఈ తెలివి" అంది.

అక్క కూతురు ట్రావెల్ ఆఫీసులో టికెట్లు తీసే పనిలో ఉంది. ఆ పద్ధతంతా ఫోన్‌లో వీడియో తీసి, పిన్ని చానల్‌లో పెట్టింది తనే. అక్కే నమూనా మనిషి. కొలత తీస్తున్నంతసేపూ చెల్లెలితో గిల్లికజ్జా పెట్టుకుంటూనే ఉంటుంది. ఆ తర్వాత ఏడాది తిరక్కముందే పోయింది. ఫోన్ కూడా పాడైంది. ఎవరూ కంగారుపడలేదు. వీడియో చానల్‌లో ఉంది కదా, పెట్టెలో పెట్టి తాళం వేసినంత పదిలం అనుకున్నారు. ఆ పెట్టె తమది కాదనీ తాళంచెవి ఇంకెవరిదోననీ నోటీసు వచ్చేదాకా ఎవరికీ తట్టలేదు. అక్క గొంతు వినపడేది ఆ ఒక్క వీడియోలోనే.

అసలు దొంగ వేరే ఉన్నాడు. నోటీసుకు కొద్ది రోజుల ముందే అక్క కూతురికి, చానల్ ఉన్న వెబ్‌సైటులోనే, ఒక బట్టల కంపెనీ పేజీ కనపడింది. అందులో అదే బల్ల, అదే కత్తెర, వాళ్ళమ్మ భుజం, వాళ్ళమ్మ మెడ. గొంతులు మాత్రం లేవు. మాటలు పూర్తిగా తీసేసి, పైన మెత్తటి పియానో అతికించారు. కింద రాత: మా పరిశోధక బృందం రూపొందించిన ప్రత్యేక పద్ధతి. ఆ పిల్ల వెంటనే వెబ్‌సైటుకు ఫిర్యాదు పెట్టింది. యంత్రం ఆ వీడియోను చూసింది, ఈ వీడియోనూ చూసింది. అక్కడ గొంతుల్ని తుడిచేసినప్పుడే రేడియో పాట కూడా తుడిచిపెట్టుకుపోయింది, కాబట్టి వాళ్ళది శుభ్రమైన సరుకు. ఇక్కడ పాట ఉంది, కాబట్టి వీళ్ళు దొంగలు. పాఠాలన్నింట్లోనూ ఏదో ఒక పాట ఉంది, కాబట్టి చానలే లేదు. దొంగతనం చేసినవాడు ఎదుటివాడి నోరు కూడా నొక్కేస్తే నిర్దోషి అయిపోతాడని ఏ చట్టంలోనూ రాయలేదు. యంత్రంలో మాత్రం ఉంది.

"పిన్నీ, అప్పీలు పెట్టాను. జవాబొచ్చింది."

"ఇప్పుడేగా పెట్టావు?"

"ఇప్పుడే వచ్చింది. జాగ్రత్తగా పరిశీలించారట. కుదరదట."

"నువ్వు రాసింది చదవడానికే ఇంకాసేపు పట్టుద్ది కదే."

"చదివేవాళ్ళుంటే పట్టేది పిన్నీ."

కత్తెరమ్మ రేడియో వైపు చూసింది. ఆపలేదు.

కాపీల విషయంలో ఆవిడా సత్యహరిశ్చంద్రుడి చెల్లెలేమీ కాదు. మా వీధి మలుపులో, మందుల షాపు పక్కన, కార్డు బాబాయ్ అని ఒకాయన ఉన్నాడు. మెమరీ కార్డుల్లో సినిమాలు, పాటలు ఎక్కించి ఇవ్వడం ఆయన వృత్తి. అన్నీ దొంగ కాపీలే. ఆయన దాపరికం కూడా చెయ్యడు. కత్తెరమ్మ ఇస్త్రీ చేసుకుంటూ చూసే సినిమాలన్నీ ఆయన ఎక్కించినవే. అలాంటి ఆవిడకు ఒకసారి, అక్క ఇంకా ఉన్నప్పుడే, ఆ కార్డుల్లో తన కుట్టు పాఠాలు కూడా తిరుగుతున్నాయని తెలిసింది. షాపు ముందుకెళ్ళి నిలబడింది.

"ఏం బాబాయ్, నా చేతిపని నీ బాబు సొత్తా?"

"అమ్మాయ్, నెట్ అందనివాళ్ళు అడిగారు. ఎక్కించాను. తప్పా?"

"అడిగావా నన్ను?"

"నువ్వు చూసే సినిమాలకు నేను ఎవర్ని అడిగానని నిన్ను అడగడానికి?"

మాట సూటిగా తగిలింది. అందుకే ఆవిడ గొంతు ఇంకా పెంచింది. వీధి పోగయ్యింది. చివరికి బాబాయ్ అందరి ముందూ కంప్యూటర్ తెరిచి, ఆవిడ పాఠాలన్నీ చెరిపేశాడు. ఆవిడ దగ్గరుండి చూసి మరీ వచ్చింది. ఇప్పుడు అప్పీలు కూడా పోయాక మొదట గుర్తొచ్చింది అదే. ఉన్న ఒక్క కాపీనీ తానే దగ్గరుండి చెరిపించింది.

ఆ వారంలోనే లైబ్రరీ మేడ మీద సభ పెట్టారు. అంశం, ఇంటర్నెట్‌లో దొంగ కాపీలు, కొత్త చట్టం. అక్క కూతురు ఆఫీసుకు సెలవు పెట్టి పిన్నిని తీసుకెళ్ళింది, వాళ్ళ వెంట నేనూ వెళ్ళాను. సినిమా కంపెనీల తరఫు లాయరు మాట్లాడాడు. మంచి వక్త. ఒక సినిమా విడుదల రోజే బయటికి పాకిపోతే, లైట్లు మోసేవాడి నుంచి కోరస్ పాడే అమ్మాయి దాకా ఎవరెవరు ఎలా రోడ్డున పడతారో చెప్పాడు. అందులో అబద్ధం లేదు. కార్డు బాబాయ్ లాంటివాళ్ళ వల్ల ఎక్కడో ఎవరికో బువ్వ తగ్గుతున్న మాట నిజం. ఆ తర్వాత మందు చెప్పాడు. ఫిర్యాదు రాగానే వెబ్‌సైట్లు అక్కడికక్కడే తీసేయాలి, నిజానిజాలు తర్వాత చూసుకోవచ్చు. హాలు చప్పట్లు కొట్టింది.

వెనక వరసలోంచి ఒక యూనివర్సిటీ విద్యార్థి లేచాడు. జ్ఞానం గాలి లాంటిదట, దానికి సొంతదారు ఉండకూడదట, అంతా అందరిదేనట. హాలు దానికీ చప్పట్లు కొట్టింది. చప్పట్లు కొట్టేవాళ్ళతో ఇదే చిక్కు, చేతులు ఖాళీగా ఉండలేవు.

మైకు కత్తెరమ్మ దగ్గరకొచ్చింది. ఆవిడ ముందు ఆ విద్యార్థి వైపు తిరిగింది.

"నాయనా, నీ చొక్కా ఎవరు కుట్టారు?"

"తెలీదండీ. రెడీమేడ్."

"తెలుసుకో. గాలి కుట్టలేదు."

జనం నవ్వారు. లాయరు కూడా నవ్వాడు. అప్పుడాయన వైపు తిరిగి తన సంగతి చెప్పింది. ఆవేశంలో ముందుది వెనకా వెనకది ముందూ అయింది. అక్క, రేడియో, పియానో, నోటీసు. సగంమందికి అర్థం కాలేదు. లాయరుకు అర్థమైంది.

"అమ్మా, మీ బాధ నాకు తెలుస్తోంది. కానీ పాట ఉన్నమాట నిజమే కదా."

"ఉంది. రేడియోవాళ్ళు వేశారు. నేను విన్నాను. వినడం కూడా దొంగతనమేనా బాబూ?"

"వినడం కాదు, మళ్ళీ వినిపించడం."

"మరి మా అక్క ఒంటిని మళ్ళీ చూపించినవాళ్ళ సంగతో?"

"అది వేరే కేసు అవుతుందమ్మా. మీరు విడిగా కోర్టుకు వెళ్ళొచ్చు."

"వాళ్ళకి మీట నొక్కితే సరిపోద్ది, నేను కోర్టుకెళ్ళాలా?"

"చట్టానికి మనసుండదమ్మా."

"మనసు ఎవరడిగారు? చెవులున్నాయా అని అడుగుతున్నా."

ఇలాంటి చోట కథల్లో అయితే హాలు లేచి నిలబడుతుంది. ఇక్కడ అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. కార్యకర్త ఒకాయన మర్యాదగానే మైకు వెనక్కి తీసుకున్నాడు. కొత్త చట్టం కావాలన్న తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఆ మధ్యాహ్నమంతా సృజన అనే మాట ఆ హాల్లో దొర్లుతూనే ఉంది. సృజనకారులను కాపాడాలి, సృజనకు విలువ కట్టాలి. వినీవినీ నా ఒళ్ళు మండింది. చనిపోబోయే అక్క అద్దంలో తలెత్తి చూసుకోవాలని గుడ్డ మీద గుడ్డ పాడుచేసుకున్న మనిషి వాళ్ళ లెక్కలో సృజనకారిణి కాదు. సృజనకారుడంటే వెనక కంపెనీ ఉన్నవాడు. మిగతావాళ్ళంతా ముడిసరుకు. కంపెనీ సొత్తుకు యంత్రం కాపలా కాస్తుంది, ఒంటరి మనిషి సొత్తుకు సానుభూతి కాపలా కాస్తుంది. అంతా ఉచితం అన్న ఆ పిల్లవాడు మాత్రం ఏం చేశాడు? బట్టల కంపెనీ చేసిన పనికే తెలియకుండా శ్లోకం చదివాడు.

మెట్లు దిగుతూ అక్క కూతురు అంది, "పిన్నీ, బాబాయ్‌ని అడిగి చూద్దామా?"

"నా కళ్ళముందే చెరిపాడు కదే."

"కంప్యూటర్లో చెరిపాడు. అమ్ముడుపోయిన కార్డుల్లో ఎవరు చెరిపారు?"

కత్తెరమ్మ మెట్టు మీదే ఆగిపోయింది.

బాబాయ్ ఆ ఇద్దర్నీ చూడగానే కుర్చీలోంచి లేచాడు. మళ్ళీ గొడవకొచ్చారనుకున్నాడు.

"లేదమ్మా, ఒట్టు. నీ పాఠాల జోలికి మళ్ళీ పోలేదు."

"అదే నా ఖర్మ. ఏ కార్డులోనూ మిగల్లేదా?"

ఆయన నమ్మలేక పిల్ల వైపు చూశాడు. ఆ పిల్ల జరిగింది చెప్పింది. బాబాయ్ మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. "అంటే ఇప్పుడు నువ్వూ నేనూ ఒకే బాపతన్నమాట" అన్నాడు.

"బాపతు సంగతి తర్వాత. కార్డు సంగతి చెప్పు."

"ఆసుపత్రిలో ఆయా ఒకావిడ తీసుకెళ్ళింది. ఆపరేషన్ల వార్డు. అక్కడి ఆడవాళ్ళకు చూపిస్తానంది. ఆవిడ రిటైరైంది. కార్డు వార్డులోనే ఉందో, ఎవరింటికి పోయిందో."

మర్నాడు రోగుల్ని చూడనిచ్చే వేళకు కత్తెరమ్మా అక్క కూతురూ ఆ వార్డుకు వెళ్ళారు. పొడుగాటి గది, ఆకుపచ్చ తెరలు, ప్రతి మంచం పక్కనా ఒక స్టూలు. మంచం మంచం దగ్గరా ఆగి అడుగుతూ పోయారు. కుట్టు పాఠం కార్డు ఎవరి దగ్గరైనా ఉందా అంటే అందరూ తెలియదన్నారు. తెలియదని చెప్పేముందు అందరూ కిటికీ పక్క మంచం వైపు ఒకసారి చూశారు. ఆ మంచం మీద నడివయసు మనిషి, ఛాతీకి కట్టుతో, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉంది. వీళ్ళు దగ్గరికి రావడం చూసి గబుక్కున దుప్పటి కింద దోపింది. దోపింది గానీ ఆపలేదు. దుప్పటి కిందినుంచి పాత సినిమా పాట, దాని మీదుగా ఒక గొంతు.

"రేడియో ఆపవే. పాట వింటూ సూది ఎక్కడ గుచ్చుతావో."

"ఆపితే నా చెయ్యి ఆడదక్కా. కదలకు."

"కదిలేదానికి ఏం మిగిల్చారే డాక్టర్లు."

ఆ తర్వాత ఇద్దరూ నవ్వడం. అక్క కూతురు మంచం ఊచ పట్టుకుంది. కత్తెరమ్మ ఆ పిల్ల చేతిలోని ఫోన్ తీసుకుని ఆ మనిషి ముందుకు చాచింది.

"అది నాకూ కావాలమ్మా. ఇందులో ఎక్కిస్తావా?"

ఆ మనిషి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఇది దొంగ కాపీ అక్కా. కుట్టినావిడకు తెలిస్తే ఊరుకోదంట. షాపాయన్ని వీధిలో పెట్టి కడిగేసిందంట. ఎవ్వరికీ ఇవ్వొద్దని ఆయా మరీమరీ చెప్పి వెళ్ళింది."

"ఆవిడ సంగతి నేను చూసుకుంటాలే" అని కత్తెరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. "ముందు దుప్పటి తియ్యి. సరిగ్గా వినపడట్లేదు."